నెమ్మది పట్టీ

సోమవారం, మొదటి షిఫ్టు

మా ఆయన ఓదెలు ఈ రికార్డరు నా చేతిలో పెట్టి డ్యూటీకి వెళ్ళాడు. "ఫ్యాన్ హౌస్‌ల రోజూ గాలి సంగతి చెప్తవ్ గదా, గట్లనే చెప్పు. ఎవ్వరికి పంపకు. నీకోసమే చెప్పుకో," అన్నాడు.

సరే, గాలి సంగతి చెప్పినట్టే చెప్తాను.

నా పేరు జమున. నాలుగో బాయిలో, గనికి గాలి తోడే పెద్ద ఫ్యాన్ దగ్గర పని చేస్తాను. ఇప్పుడు సెలవులో ఉన్నాను. బాలింతల వరుసలో మూడో గది నాది. గదిలో మంచం, పాపకు చీర ఉయ్యాల, ఒక బక్కెట్టు, గోడకు గాలి గొట్టం. గొట్టంలోంచి వచ్చే గాలి కాస్త బరువుగా ఉంది. జాలీలు కడిగి చాలా రోజులై ఉంటుంది. పైన ఎండకు బతకలేక ఈ పాత గనుల్లోనే ఊళ్ళు కట్టుకున్నాం. పైకి వెళ్ళే ఎండ తలుపు హోలీ వెళ్ళగానే మూశారు కాబట్టి వానలు పడేదాకా అందరం లోపలి గాలే పీల్చాలి.

పొద్దున పాపకు ఒళ్ళంతా నూనె రాశాను. గుడ్డలు ఉతికి గొట్టం ముందు ఆరేశాను. జొన్న గటక తిన్నాను. పాపకు పాలిచ్చాను. ఇవన్నీ బాగానే చేస్తున్నాను.

ఇక్కడ కాన్పయినవాళ్ళు వారం పది రోజులకు ఇళ్ళకు వెళ్ళిపోతారు. నా తర్వాత కాన్పయినవాళ్ళు కూడా వెళ్ళిపోయారు. నేను వెళ్ళలేదు. వరుస తలుపుకు తాళం లేదు. తలుపు తీస్తే పొడుగాటి దారి, దాని చివర మార్కెట్టు, ఆ పక్క వీధిలోనే మా ఇల్లు. ఇంకో దారి లేదు. ఆ దారి మధ్యలో కుడి పక్కన ఆపరేషన్ గది ఉంది.

నాలుగుసార్లో అయిదుసార్లో తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఇవాళ వెళ్ళలేదు.

మంగళవారం, రెండో షిఫ్టు

వరుస చూసుకునే తార మేడం వచ్చి నా పట్టీ చూసి వెళ్ళింది. కాన్పయినవాళ్ళందరికీ ఎడమ చేతికి కడతారు. పేరు నెమ్మది పట్టీ. గుండె వేగంగా కొట్టుకోవడం మొదలవగానే చర్మంలోకి కొంచెం మందు వదులుతుంది. మెడ మీంచి చన్నీళ్ళు దిగినట్టుంటుంది. తర్వాత ఏమీ ఉండదు. అప్పుడు పట్టీ మీద పచ్చ దీపం వెలుగుతుంది. తార మేడం ఆ దీపాన్నే చూస్తుంది, నా మొహం చూడదు.

"పచ్చగనే ఉన్నది. మంచిగున్నవ్," అంది.

"దారిల నడవలేకపోతున్న మేడం."

"కుట్లు గుంజుతున్నయా?"

"కుట్లు కాదు."

"మరి?"

చెప్పడానికి నోరు తెరిచాను. గుండె కొట్టుకుంది. చన్నీళ్ళు దిగాయి. ఏం చెప్పాలనుకున్నానో దానికి బలం పోయింది. "ఏం లేదు" అన్నాను. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది.

మా అమ్మ ఏడో బాయిలో ఉంటుంది. వానల దాకా బాయిలను కలిపే సొరంగం మూసేస్తారు కాబట్టి మాటలు ఫోన్లోనే. "బిడ్డ మంచిగుంది గదనే, నువ్వు బతికి బయటపడ్డవ్. ఇంకేంది?" అంది. మూడోసారి అడుగుతోంది. ఇంకేంటో నాకూ తెలిస్తే బాగుండు.

ఇక్కడ ఒక్కదాన్నే ఉన్నాను కదా, చెప్పి చూస్తాను. కాన్పు రోజు నన్ను ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టారు. డాక్టరు గారు రెండో బాయిలో చిక్కుకుపోయారు. సలోమి సిస్టర్ ఒక్కతే ఉంది, మరచెయ్యి ఉంది. కోసేది, కుట్టేది అంతా మరచెయ్యే. నడుముకు సూది వేశారు. కాళ్ళు మొద్దుబారాయి. తర్వాత పైన లైటు

దిగాయి. చన్నీళ్ళు దిగాయి. ఏం చెప్తున్నాను? లైటు గురించి. లైటు బాగానే ఉంది.

గురువారం, మొదటి షిఫ్టు

తార మేడం పట్టీలో మందు పెంచింది. "రేపు నీ కాళ్ళ మీద నువ్వే ఇంటికి పోతవ్, చూడు," అంది.

నిజమే అనిపిస్తోంది. దారి గురించి ఆలోచించి చూశాను. మామూలు దారి. ఆపరేషన్ గది గురించి ఆలోచించాను. మామూలు గది. పాప ఏడ్చింది. అది కూడా ఎక్కడో పక్క వీధిలో పిల్ల ఏడ్చినట్టే ఉంది. లేచి పాలిచ్చాను.

రేపు ఓదెలుకు చెప్పకుండా వెళ్తాను. సంతోషిస్తాడు.

శనివారం, రెండో షిఫ్టు

నిన్నటి సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

సంచీ సర్దుకున్నాను. పాపను ఎత్తుకున్నాను. దారిలో నడిచాను. భయం వేయలేదు. ఆపరేషన్ గది తలుపు తెరిచే ఉంది, లోపల ఎవరో నేల తుడుస్తున్నారు. స్పిరిట్ వాసన వచ్చింది. నడిచాను. మార్కెట్టులో చింతపండు కొందామా అనుకున్నాను. ఇంటికి వెళ్ళి తలుపు కొట్టాను.

ఓదెలు తలుపు తీసి నవ్వాడు. తర్వాత నా చేతుల వంక చూశాడు.

"పాపేది?"

నేనూ చూసుకున్నాను. చేతిలో సంచీ ఉంది.

"పాప ఏదే జమునా?"

"వస్తది," అన్నాను.

అలాగే అన్నాను. వస్తది అని. ఎవరో మనిషి వెనకాల నడిచి వస్తున్నట్టు. ఓదెలు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. నేను గడపలో నిలబడి మా ఇంటి గోడకు సున్నం పెచ్చులు రాలడం చూశాను.

ఆపరేషన్ గది ముందు నేల మీద శాలువా మడత పెట్టి, దాని మీద పాపను పడుకోబెట్టి వచ్చానట. ఓదెలు వెళ్ళేసరికి సలోమి సిస్టర్ ఎత్తుకుని నిలబడి ఉందట. పాపకేమీ కాలేదు. పాపను ఎప్పుడు దించానో నాకు గుర్తు లేదు. ఆ గది ముందు చేతులు ఖాళీగా ఉండాలని నాలో ఏదో అనుకుని ఉంటుంది.

పాపను తెచ్చి నా ఒళ్ళో పెట్టినప్పుడు ఓదెలు ఏడుస్తున్నాడు. నాకు ఏడుపు రాలేదు. పట్టీ మీద పచ్చ దీపం వెలుగుతూనే ఉంది.

నన్ను మళ్ళీ బాలింతల వరుసకే తెచ్చారు.

ఆదివారం, మొదటి షిఫ్టు

తార మేడం, ఓదెలు నా మంచం పక్కనే మాట్లాడుకున్నారు.

"అలసట ఎక్కువైనట్టున్నది. మందు ఇంకింత పెంచుదాం," అంది ఆమె.

"పెంచినంకనే గదా మేడం గట్లయింది?"

"పట్టీ పచ్చగనే ఉన్నదయ్యా. ఆపరేషన్ రిపోర్టుల కూడ ఏం లేదు. కాన్పుల నొప్పి లేదని రాసి ఉన్నది."

ఆమె వెళ్ళాక ఓదెలు మంచం అంచున కూర్చున్నాడు. 

"ఆ దారికాడ నువ్వు ఆగుడు నేను చూసిన," అన్నాడు. "కప్పు కూలినంక నేను ఉత్తరం గ్యాలరీ మలుపుకాడ గట్లనే ఆగేటోణ్ని. కాళ్ళు వచ్చేటియి కావు. యాదికున్నదా?"

గుర్తుంది. కిందటేడు ఆ గ్యాలరీ సొరంగంలో పైపులు బాగుచేస్తుంటే కప్పు కూలింది. ఒక పూటంతా రాళ్ళ కింద ఉన్నాడు. ఒక్క ఎముక విరగలేదు. అయినా ఇంటికొచ్చాక బల్లకింద పడుకునేవాడు. గ్లాసు కింద పడితే వణికిపోయేవాడు. రెండు నెలలు సెలవిచ్చారు. వీధి వీధంతా కూరలు వండి తెచ్చింది. మనసుకు వైద్యం చేసే డాక్టర్ నస్రీన్ దగ్గరికి పంపారు.

"నాకు ఒక్క ఎముక ఇరగలే. అయినా బాగున్నవ్ గదా, ఇంకేంది అని ఎవ్వరు అనలే," అన్నాడు. "నాకు ఎవ్వరు పట్టీ కట్టలే."

బుధవారం, మొదటి షిఫ్టు

ఓదెలు పిలిస్తే డాక్టర్ నస్రీన్ వచ్చింది. నలభై దాటిన మనిషి, గొంతు కొంచెం బొంగురు. కుర్చీ నా ఎదురుగా కాకుండా పక్కన వేసుకుని కూర్చుంది.

"కాన్పయినోళ్ళు నా కాడికి ఒక్కరు రాలే ఇప్పటిదాకా," అంది. "రావాల్సినోళ్ళు లేక కాదు. పంపాలని ఎవ్వరికి తోచలే. నాకు కూడ తోచలే."

ఏం జరిగిందో చెప్పమంది. మొదలుపెట్టాను. లైటు దాకా రాగానే చన్నీళ్ళు దిగాయి. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ దిగాయి. ఆమె నా మణికట్టు వంక చూసింది.

"ఇది నిన్ను తలుపు దాకా పోనిస్తున్నది, లోపలికి పోనిస్తలేదు," అంది. "చూడు బేటా, జ్ఞాపకంలకు పోయి రావాలె. పోయి, అక్కడ నిలబడి, చివరిదాకా చెప్పి, బయటికి రావాలె. మళ్ళ పోవాలె. ఎన్నిసార్లు పోతే అంత పాతదైతది. ఇప్పుడు అది నీకు పాతది కాలే. ఇంకా జరుగుతనే ఉన్నది."

"నొప్పిగుంటదా మేడం?"

"ఉంటది. కొన్నాళ్ళు ఇప్పటికంటే ఎక్కువనే ఉంటది. అబద్ధం చెప్ప."

పట్టీ తీసేయాలంది. తార మేడం ఒప్పుకోలేదు. పట్టీ లేని బాలింత చేతిలో బిడ్డను ఉంచకూడదని నియమం. పట్టీ తీస్తే పాపను పిల్లల గదికి పంపాలి. అక్కడికి వెళ్ళిన పిల్లలు బాయి కమిటీ సంతకం పెడితే గానీ తిరిగి రారు.

అంటే పట్టీ కట్టుకుంటే పాప నా దగ్గరే ఉంటుంది, కానీ నేను ఉండను. పట్టీ తీస్తే నేను ఉంటాను, పాప ఉండదు.

ఓదెలు గోడకు ఆనుకుని వింటున్నాడు. "తండ్రికి పట్టీ కడ్తరా మేడం?" అని తార మేడంను అడిగాడు.

"కట్టరు."

"మరైతే పాప నా కాడ ఉంటది. నియమంల తండ్రి గురించి ఏం రాసి లేదు గదా."

తార మేడం ఫోనులో నియమాలన్నీ వెతికింది. దొరకలేదు.

గురువారం, మొదటి షిఫ్టు

ఓదెలు సెలవు పెట్టి పాపను తీసుకెళ్ళాడు. పట్టీ విప్పారు. మణికట్టు దగ్గర చర్మం తెల్లగా పాలిపోయి ఉంది.

పాప ఇప్పుడు దారికి ఆ చివర ఉంది. నేను ఈ చివర ఉన్నాను. షిఫ్టు మారినప్పుడల్లా ఓదెలు తెచ్చి పాలిప్పించి తీసుకెళ్తాడు. మిగతా పాలు నేను పిండి సీసాలో పెడితే సలోమి సిస్టర్ ఇంటికి చేరుస్తుంది. ఆమె సీసా తీసుకుంటుంది, నా మొహం చూడదు.

మధ్యాహ్నానికి మందు దిగిపోయింది. అప్పుడు అన్నీ ఒకేసారి వచ్చాయి. స్టీలు గిన్నె చప్పుడైతే గోడకు హత్తుకుపోయాను. తర్వాత నేల మీద శాలువా గుర్తొచ్చింది. అక్కడ ఎవరైనా బండి తోసుకొచ్చి ఉంటే? పాపను నేలమీద పెట్టి చింతపండు గురించి ఆలోచించాను. గొంతు పోయేదాకా ఏడ్చాను. ఆ ఏడుపు ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో తెలియదు.

మంగళవారం, రెండో షిఫ్టు

డాక్టర్ నస్రీన్ ముందు ఇవాళ చివరిదాకా చెప్పాను. చెప్పింది చెప్పినట్టు రికార్డరులో మళ్ళీ చెప్పమంది. కళ్ళు మూసుకుని, జరిగింది అని కాకుండా జరుగుతోంది అని చెప్పాలట.

బల్ల మీద ఉన్నాను. పైన గుండ్రటి లైటు. మరచెయ్యి పైనుంచి దిగుతోంది, మోటారు సన్నగా మోగుతోంది. కాళ్ళు తెలియడం లేదు. కానీ పొట్ట తెలుస్తోంది. కత్తి ఆనడం తెలుస్తోంది. "సిస్టర్, నాకు తెలుస్తున్నది" అంటున్నాను. తెర మీద పచ్చగా ఉంది. మరచెయ్యి గొంతు "నొప్పి లేదు" అంటోంది. కోస్తోంది. "నాకు తెలుస్తున్నది, ఆపుండ్రి" అని అరుస్తున్నాను. సలోమి సిస్టర్ రెండు చేతులూ నా భుజాల మీద వేసి అదిమి పట్టింది. "అయిపోయింది, అయిపోయింది" అంటోంది. అయిపోలేదు. నా లోపల మరచెయ్యి తిరుగుతోంది. నేను చనిపోతున్నాననుకుంటున్నాను. చనిపోయినా ఎవరూ నమ్మరని అనుకుంటున్నాను. ఎవరో పసిపిల్ల ఏడుస్తోంది. ఎవరి పిల్ల అనుకుంటున్నాను.

ఇంతే. చెప్పాను. చెప్పి వాంతి చేసుకున్నాను. డాక్టర్ నస్రీన్ నోరు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, "మళ్ళ మొదటినుంచి," అంది.

ఆదివారం, మొదటి షిఫ్టు

రోజూ చెప్తున్నాను. రోజూ రికార్డరులో వింటున్నాను. తగ్గలేదు. అయితే ఇవాళ వింటూ వింటూ మధ్యలో పాప గుడ్డలు మడత పెట్టడం గమనించాను. మొదటి రోజుల్లో చెవులు మూసుకునేదాన్ని.

ఓదెలు పాపను తెచ్చాడు. పాప బరువు పెరిగింది. ఏడిస్తే నా గుండె దడదడలాడుతోంది, చేతులు చెమట పడుతున్నాయి. దాన్ని పడేస్తానేమోనని భయం. "భయమైతున్నది, కొంచెంసేపే పట్టుకుంట," అన్నాను. "సరే, నా చెయ్యి కింద పెడ్త," అన్నాడు. నా చేతుల కింద తన చేతులు పెట్టి, పాప పాలు తాగినంతసేపూ అలాగే వంగి నిలబడ్డాడు.

ఒక్క సంగతి మాత్రం ఎన్నిసార్లు చెప్పినా కదలడం లేదు. నేను అరిచింది సిస్టర్‌కు వినబడిందా లేదా? వినబడకపోతే నేను అరవలేదేమో. రిపోర్టులో రాసిందే నిజమేమో. నాకే పిచ్చేమో. డాక్టర్ నస్రీన్‌తో అదే చెప్పాను.

"అది నా కాడ లేదు," అంది ఆమె. "సలోమి కాడ ఉన్నది."

శుక్రవారం, రెండో షిఫ్టు

ఆపరేషన్ గదికి వెళ్ళాను.

నిన్న, మొన్న దారిలోకి వచ్చి వెనక్కి వెళ్ళిపోయాను. ఇవాళ డాక్టర్ నస్రీన్ పక్కన నడిచింది, చెయ్యి పట్టుకోలేదు. పట్టుకుందామా అని అడిగితే వద్దన్నాను. నన్ను ఎవరైనా పట్టుకుంటే ఇప్పుడు పడదు.

గదిలో మరచెయ్యి పైకి మడిచి ఉంది. బల్ల నేననుకున్నంత పెద్దది కాదు. సలోమి సిస్టర్ గోడ దగ్గర నిలబడి ఉంది. ఆమెను రమ్మని డాక్టర్ నస్రీన్ అడిగిందట, వస్తుందని అనుకోలేదట.

బల్ల పక్కన నిలబడి మొదటినుంచి చివరిదాకా చెప్పాను. మధ్యలో ఆపలేదు. అయిపోయాక సిస్టర్ వైపు తిరిగాను.

"నేను చెప్పింది నీకు ఇనబడ్డదా సిస్టర్?"

"ఇనబడ్డది."

"ఎప్పుడు?"

"మొదటిసారి చెప్పినప్పుడే."

 నేను బల్ల అంచు పట్టుకున్నాను.

"మరెందుకు ఆపలే?"

"పాప గుండె పడిపోతున్నది జమునా," అంది సిస్టర్. "ఆపి మళ్ళ మత్తిచ్చేంత టైం లేదు. ఆపే మీట నా కాలి కిందనే ఉన్నది. తొక్కితే పాప దక్కదు. తొక్కలే. నీకు చెప్పాల్సింది. నీకు తెలుస్తున్నదని నాకు తెలుసు, పాప కోసం ఆపుతలేను అని ఒక్క మాట. ఆ మాట నోట్లకు రాలే. అయిపోయింది అయిపోయింది అన్న. తర్వాత రోజూ చెప్దామనుకుంటనే నీ గది ముంగట్నించి పోయిన."

"రిపోర్టుల నొప్పి లేదని రాసి ఉన్నది."

"మరచెయ్యి రాసింది. కింద సంతకం నాది."

నాకు కోపం వచ్చింది. పట్టీ లేదు కాబట్టి అది చివరిదాకా వచ్చింది. నేనేమన్నానో ఇక్కడ చెప్పను. అన్నంతసేపూ ఆమె తల దించుకోలేదు, నా మొహమే చూసింది. అడిగి ఉంటే నేను కూడా పాపనే కాపాడమనేదాన్ని. కోయమనే చెప్పేదాన్ని. కానీ ఎవరూ అడగలేదు. అదే అన్నాను.

"అవును," అంది సిస్టర్. "అడగలే."

ఆమెను క్షమించానో లేదో తెలియదు. డాక్టర్ నస్రీన్ అది తేల్చుకోవాల్సిన పని ఇప్పుడు లేదంది. గదిలోంచి బయటికి వచ్చాక ఎడమకు తిరిగితే బాలింతల వరుస, కుడికి తిరిగితే మార్కెట్టు. చాలాసేపు అక్కడే నిలబడ్డాను. తర్వాత కుడికి తిరిగాను. ఒళ్ళంతా చెమటలు పట్టాయి. ఒకచోట గోడకు ఆనుకుని కూలబడ్డాను. లేచాను.

ఇంట్లో పాప నిద్రపోతోంది. ఓదెలు నన్ను చూసి పక్కకు జరిగాడు.

సోమవారం, మొదటి షిఫ్టు

సలోమి సిస్టర్ రిపోర్టు కింద తన చేత్తో రాసిచ్చింది, తల్లికి తెలిసింది, చెప్పింది, నేను విన్నాను అని. తార మేడం దాన్ని కమిటీకి పంపింది. ఏమవుతుందో తెలియదు. అప్పటిదాకా లెక్కలో పాప ఓదెలు దగ్గరున్నట్టే. వరుసలో మిగతావాళ్ళ చేతులకు పట్టీలు అలాగే ఉన్నాయి.

నేను మాత్రం పూర్తిగా బాగవలేదు. స్పిరిట్ వాసన వస్తే ఇప్పటికీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటాను. పాపకు సూదిమందు వేయించాలంటే మళ్ళీ ఆ దారిలోనే వెళ్ళాలి. బాయి మొత్తానికి సూదికైనా కోతకైనా ఆ గది ఒక్కటే. వానలకింకా టైముంది.

కప్పు కూలి బతికినవాళ్ళు వారానికోసారి డాక్టర్ నస్రీన్ దగ్గర కూర్చుంటారు. నన్నూ రమ్మంది. పాపను ఎత్తుకుని వెళ్ళాను. బెంచీ నిండా మగవాళ్ళే. చివర్లో కూర్చున్న పోశాలు అనే పెద్దాయన పాపను చూసి, ఓదెలుకు బదులు వచ్చాననుకున్నాడు.

"నీ పెనిమిటి వస్తలేడా?"

"నేనే వచ్చిన. నాకోసమే."

"నువ్వెక్కడ చిక్కినవ్ బిడ్డా?"

"కాన్పు గదిల."

 ఒకాయన చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడు. నేను లేచి వెళ్ళిపోదామనుకున్నాను. పోశాలు పాప వంక చూశాడు, నా వంక చూశాడు. రాళ్ళ కింద పడినవాళ్ళు ఒకరినొకరు మొట్టమొదట అడిగేదే నన్నూ అడిగాడు.

"నువ్వు పిలిచినప్పుడు పైనోళ్ళకు ఇనబడ్డదా?"

"ఇనబడ్డది," అన్నాను. "అయినా ఆపలే."

ఆయన మెల్లగా పక్కకు జరిగాడు. ఆయన పక్కనున్నవాళ్ళూ జరిగారు. కూర్చుని మొదలుపెట్టాను. సగంలో పాప లేచి ఏడ్చింది. అందరూ ఆగారు. కొంగు కప్పి పాలిస్తూ మిగతాది చెప్పాను.